ఒక్క వేలితో స్వరాలు ఎక్కిస్తున్నాను, రెండో ఆవర్తం నుంచి బీట్ తప్పుతోంది

నెమ్మదివేలు:

కుడి మణికట్టు విరిగి కట్టులో ఉంది. ఇంకో మూడు వారాలు కీబోర్డు ముట్టుకోవద్దన్నారు. ఊరికే కూర్చోవడం చేతకాక, మా చెల్లెలి పాప కోసం చాలా రోజులుగా గొంతులో తిరుగుతున్న లాలిపాట వరసను ఫోనులోని సంగీతం యాప్‌లోనే కట్టేద్దామని దిగాను. ఎడమచేతి బొటనవేలు ఒక్కటే నా పనిముట్టు.

ముందు రికార్డు నొక్కి నేరుగా వాయించబోయాను. తెర మీద మీట నొక్కిన ఎంతోసేపటికి చెవిలోని బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం వస్తోంది. నా వేలు ముందు, శబ్దం వెనక. వినిపించినదాన్ని బట్టి సర్దుకోబోతే ఇంకా వెనకబడ్డాను. పది నిమిషాలకే విసుగొచ్చి స్టెప్ పద్ధతికి మారాను. ఇది నాలాంటివాడి కోసమే పుట్టినట్టుంది: మీట నొక్కితే ఒక స్వరం పడుతుంది, గుర్తు తనంతట తానే ఒక గడి ముందుకు జరిగి ఆగుతుంది. నేను నీళ్ళు తాగి వచ్చినా అక్కడే నిలబడి ఉంటుంది.

వరస ఆరు ఎనిమిదుల నడక (6/8), అంటే ఆవర్తానికి ఆరు ఎనిమిదో వంతు స్వరాలు. స్టెప్ నిడివి పదహారో వంతు, ఆవర్తానికి 12 గడులు. అడుగున మెత్తగా ఒక బీట్ పెట్టాను. మొదటి ఆవర్తం ముద్దుగా ఉంది. రెండోదానికి బీట్ ఎక్కడో పడుతుంది. మూడు, నాలుగు కూడా అంతే. విచిత్రం ఏమిటంటే అయిదో ఆవర్తం మొదలయ్యేసరికి ఏమీ ఎరగనట్టు మళ్ళీ కలుస్తుంది! నేనే ఎక్కడో విరామం మరిచిపోయానని మూడుసార్లు మొత్తం చెరిపి ఎక్కించాను. మూడుసార్లూ అదే వరుసలో తప్పు.

ఇంకో సంగతి. తప్పు లేని మొదటి ఆవర్తం కూడా లాలిపాటలా లేదు, గోడ గడియారం పాడుతున్నట్టుంది. పాప నిద్రపోదు సరికదా, నిద్రపోతున్నది లేస్తుంది. ఏం చేయాలి?

తీగచుట్ట:

బ్లూటూత్ తీసేయండి, తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. సగం బాధ అక్కడే పోతుంది. 90 వేగంలో (నిమిషానికి 90 పావు వంతు స్వరాలు) పదహారో వంతు స్వరం సుమారు 167 మిల్లీసెకన్లు. బ్లూటూత్ ఆలస్యం చాలాసార్లు ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. అంటే మీరు ఒక గడి వెనక నుంచి మిమ్మల్ని మీరు వింటున్నారన్న మాట. చెయ్యి బాగయ్యాక నేరుగా వాయించండి, ఈ గడుల గొడవ ఎందుకు?

పాతపెట్టె:

తీగచుట్ట గారు ఆలస్యం గురించి చెప్పింది నిజమే. గడుల మీద ఆయనకున్న చిన్నచూపుతో మాత్రం ఏకీభవించను. నాకు చేతులు రెండూ బాగానే ఉన్నాయి, అయినా ముప్పాతిక పని స్టెప్ పద్ధతిలోనే చేస్తాను. వాయించేటప్పుడు వేళ్ళు అలవాటైన చోటికే పోతాయి. ఒక్కో స్వరం దగ్గర ఆగితే చెవి ఎక్కడికి పొమ్మంటుందో అక్కడికి పోవచ్చు.

నెమ్మదివేలు గారూ, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. 'అయిదో ఆవర్తానికి కలుస్తుంది' అన్నారు చూడండి, అదే. విరామం మరిచిపోయి ఉంటే తప్పిన వరస తప్పినట్టే చివరిదాకా పోయేది, తనంతట తాను తిరిగి వచ్చేది కాదు. మీ వరస 12 గడులకు ఒకసారి తిరుగుతోంది. బీట్ ప్యాటర్న్ (మళ్ళీ మళ్ళీ తిరిగే దెబ్బల వరస) నిడివిని మీరు మార్చి ఉండరు, అది 16 గడుల దగ్గరే ఉండిపోయి ఉంటుంది. 12 నాలుగుసార్లు తిరిగినా 48, 16 మూడుసార్లు తిరిగినా 48. అందుకే నాలుగు ఆవర్తాలు తిరిగాక రెండూ గుమ్మం దగ్గర కలుసుకుంటున్నాయి. ప్యాటర్న్ నిడివి 12 చేయండి. మూడుసార్లు చెరిపిన వరసలో తప్పేమీ లేదు, పాపం.

ఈ పదహారు అనేది పాత పెట్టెల నుంచి వచ్చిన అలవాటు. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 అనే డ్రమ్ యంత్రం ముందు భాగంలో వరసగా 16 బొత్తాలు ఉంటాయి, ఒక్కో బొత్తం ఒక్కో గడి. నాలుగు దెబ్బల నడకకు అది చక్కగా సరిపోతుంది. ఇప్పటికీ చాలా యాప్‌లు కొత్త ప్యాటర్న్ తెరవగానే అదే 16 చేతిలో పెడతాయి.

ఇక గోడ గడియారం సంగతి. ఒక స్వరానికి రెండు నిడివులు ఉంటాయని మనం మరిచిపోతాం. తరవాతి స్వరం ఎంతసేపటికి రావాలన్నది ఒకటి. ఈ స్వరం ఎంతసేపు మోగాలన్నది మరొకటి. 1977 నాటి రోలాండ్ ఎంసీ-8 అనే, స్వరాలు ఎక్కించుకుని వాయించే పెట్టెలో ఈ రెండిటినీ వేరువేరు అంకెలుగా, అంకెల మీటల మీద కొట్టి ఎక్కించేవారు. స్వరస్థానానికి ఇంకో అంకె. ఒక పాట ఎక్కించడమంటే పద్దు రాసినట్టే! ఫోను యాప్‌లలో రెండో నిడివిని 'గేట్' అనో, స్వరం పొడవు అనో పిలుస్తారు. అన్నిటికీ ఒకే పొడవు ఉండటం మీ బాధకు ఒక కారణం. పదం మధ్యలో స్వరాలను నిండుగా ఉంచి, పదం చివరి స్వరాన్ని మాత్రం నాలుగింట మూడొంతులకు కోయండి. పాడే మనిషి ఊపిరి తీసుకునేది అక్కడే.

రెండో కారణం వెలాసిటీ, అంటే మీట నొక్కే బలం. మిడిలో (వాయిద్యాలు, యాప్‌లు స్వరాలను అంకెలుగా ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) దీనికి 1 నుంచి 127 దాకా విలువలు. స్టెప్ పద్ధతిలో తెర మీద నొక్కినప్పుడు చాలా యాప్‌లు అన్నిటికీ ఒకే విలువ రాసేస్తాయి. ఆరు ఎనిమిదులలో మొదటిది బరువు, నాలుగోది కాస్త తక్కువ బరువు, మిగతావి తేలిక. నేనైతే లాలిపాటకు 78, 52, 56, 68, 50, 58 లాంటివి పెట్టి చూస్తాను. ఈ అంకెలు శాసనం కాదు, మీ వాయిద్యం శబ్దాన్ని బట్టి మారుతాయి. 'యాదృచ్ఛికం' అన్న బొత్తాన్ని మాత్రం నొక్కకండి. అది బలాన్ని అటూ ఇటూ విసిరేస్తుంది, ఊయలకు అదే ఊపు ఉండాలి కదా.

నిలువుగీత:

నాది వేరే దారి, ఒకసారి చూడండి. ట్రాకర్ తరహా యాప్ వాడతాను, ఫోనులో సన్‌వాక్స్. ఇందులో కాలం ఎడమ నుంచి కుడికి కాక, పై నుంచి కిందికి నడుస్తుంది. ఒక్కో వరుస ఒక్కో గడి. ఈ తరహా 1987లో అమిగా కంప్యూటర్ మీద వచ్చిన అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్‌తో మొదలైంది. చూడటానికి కిరాణా పట్టీలా ఉంటుంది. ఒక బొటనవేలితో పని చేసేవారికి ఇంత హాయి ఇంకెక్కడా లేదు, ఎందుకంటే నిలువుగా పట్టుకున్న ఫోనులో పట్టీ కూడా నిలువుగానే ఇముడుతుంది.

మీకు పనికొచ్చేవి రెండు. మొదటిది, స్వరం పడ్డాక గుర్తు ఎన్ని వరుసలు దూకాలో ట్రాకర్లలో ముందే చెప్పుకోవచ్చు. మీ వరసలో ఎక్కువ భాగం ఎనిమిదో వంతులే అయితే దూకుడు 2 పెట్టుకోండి, మధ్యలో విరామం నొక్కే పనే ఉండదు. రెండోది, నిజంగానే ఒక విరామం మరిచిపోయిన రోజున అక్కడ ఖాళీ వరుస చొప్పిస్తే కింద ఉన్నదంతా ఒక మెట్టు దిగుతుంది. పియానో రోల్‌లో (స్వరాలను ఎడమ నుంచి కుడికి గీతలుగా చూపే తెర) అయితే ఆ తరవాతి స్వరాలన్నిటినీ ఎంచుకుని ఒక గడి పక్కకు లాగాలి, చిన్న తెర మీద అది నరకం.

ఒక హెచ్చరిక: ఇక్కడ స్వరాన్ని ఆపమని మీరే రాయాలి. లేకపోతే మోగుతూనే ఉంటుంది.

నెమ్మదివేలు:

పాతపెట్టె గారూ, బీట్ ప్యాటర్న్ తెరిచి చూశాను. 16. నిజంగా 16! మూడు రాత్రులు నన్ను నేను తిట్టుకున్నాను. 12 చేయగానే నోరు మూసుకుని బుద్ధిగా నడిచింది.

బలాలు మార్చాక మా చెల్లెలు విని "ఇప్పుడు మనిషి పాడినట్టుంది, కాకపోతే జలుబు చేసిన మనిషి" అంది. పదం చివర్లు కోసాక జలుబు కూడా తగ్గింది.

వరస పల్లవి ఆవర్తం మొదట్లో కాక, అంతకు ముందున్న ఆవర్తంలోని చివరి (ఆరవ) ఎనిమిదో వంతులో ఎత్తుకుంటుంది. అందుకు ముందు ఒక ఖాళీ ఆవర్తం పెట్టి, పదిసార్లు విరామం నొక్కి, పదకొండో గడిలో మొదటి స్వరం వేశాను. స్టెప్ నిడివిని ఎనిమిదో వంతుకు మార్చుకుంటే అయిదు నొక్కులతో పోయేదని తరవాత తట్టింది.

ఒక్కటి మాత్రం లొంగలేదు. మూడో పాదంలో పై స్వరం నుంచి కింది స్వరానికి గొంతు జారుతుంది. గడుల్లో అది రెండు మెట్లు దిగినట్టుంది తప్ప జారడం లేదు. మధ్య స్వరాలను ముప్పై రెండో వంతులుగా ఇరికించి చూశాను, చేతిలోంచి గోళీలు జారిపడినట్టు వినిపించింది.

పాతపెట్టె:

గోళీలు! నేనూ మొదట్లో ఇలాగే ఇరికించాను. స్టెప్ పద్ధతికి తెలిసింది స్వరం మొదలు, చివర, బలం, అంతే. జారుడును వేరే పొరలో గీయాలి. కింది స్వరాన్ని తీసేసి, పై స్వరాన్ని దాని చోటు చివరి దాకా పొడిగించండి. తరవాత పిచ్ బెండ్ (స్వరస్థానాన్ని వంచే) పొర తెరిచి వేలితో వాలు గీయండి. మామూలుగా బెండ్ పరిధి అటూ ఇటూ రెండు అర్ధస్వరాలే ఉంటుంది. మీ జారుడు అంతకన్నా పెద్దదైతే వాయిద్యం అమరికల్లో పరిధి పెంచాలి, లేకపోతే సగం దారిలో ఆగిపోతుంది. వాలును తిన్నగా గీయకండి. గొంతు ముందు కాసేపు పై స్వరాన్నే పట్టుకుని, చివర్లో ఒక్కసారిగా దిగుతుంది.

తీగచుట్ట:

వాలు గీశాక ఆ స్వరం అయిపోయిన చోట బెండ్‌ను మళ్ళీ సున్నాకు తేవడం మరవకండి. నేను మరిచాను. మిగతా పాటంతా అపశ్రుతి. గంటసేపు వాయిద్యాన్ని అనుమానించాను.

నెమ్మదివేలు:

సున్నాకు తేవడం నేనూ మరిచాను, మీ మాట చూసి ఇప్పుడే సరిచేశాను. జారుడు వచ్చింది. మూడో పాదం దగ్గర పాప కళ్ళు మూసింది. పాట ఎగుమతి నొక్కేలోపు మళ్ళీ తెరిచింది.