వాష్‌బేసిన్ వేస్ట్ కప్లింగ్: సిలికానా, వైట్ సిమెంటా, వట్టి రబ్బరా?

గోపాలపట్నం వాసి:
బాత్రూమ్ బేసిన్ కింద వేస్ట్ కప్లింగ్ (బేసిన్ అడుగు కన్నంలో బిగించే నీళ్ళు పోయే గొట్టం) దగ్గర చుక్క చుక్కగా కారుతోంది. కప్లింగ్ మార్చడం ఖాయం. సిరామిక్ బేసిన్, ఓవర్‌ఫ్లో కన్నం (నీళ్ళు పొర్లకుండా పై పక్కన ఉండేది) ఉంది. ప్లంబరు వైట్ సిమెంట్ పెడదామంటున్నాడు. షాపతను సిలికాన్ చాలంటున్నాడు. కప్లింగ్ డబ్బాలో మాత్రం రెండు రబ్బరు వాషర్లే ఉన్నాయి. ఏది సరైంది? బేసిన్ పగలకూడదు, అదొక్కటే షరతు.

లాసన్స్‌బే గాలి:
సిలికానే, అనుమానం లేదు. కప్లింగ్ పై అంచు కింద చుట్టూ 5 ఎంఎం లావు వత్తిలా పెట్టి, కప్లింగ్ దింపి, కింద రబ్బరు, చెక్‌నట్ (కింద నుంచి బిగించే పెద్ద నట్) వేసి బిగించాలి. అంచు చుట్టూ సమానంగా పొంగుకొస్తే సీలు పడ్డట్టే. 24 గంటలు నీళ్ళు తగలనివ్వొద్దు. 280 ఎంఎల్ ట్యూబు, గన్ను అక్కర్లేదు, చేత్తో నొక్కే చిన్న ట్యూబు చాలు. వెనిగర్ వాసన కొట్టే రకం ఇత్తడికి మంచిది కాదు, న్యూట్రల్ అని రాసి ఉన్నది అడగండి.

చెక్‌నట్:
ఆయన బేసిన్‌కి ఓవర్‌ఫ్లో ఉందన్నారు కదండీ, అసలు సంగతి అక్కడే ఉంది. ఓవర్‌ఫ్లో కన్నంలో పడ్డ నీళ్ళు బేసిన్ గోడలోని బోలు దారిలో దిగి కప్లింగ్ చుట్టూ చేరతాయి. కప్లింగ్ పక్కనున్న చీలికల్లోంచి లోపలికి పోతాయి. ఆ చీలికల కోసమే ఈ బేసిన్‌కి హాఫ్ థ్రెడ్ కప్లింగ్ వాడతారు. పైన సిలికాన్ ఎంత గొప్పగా పెట్టినా ఈ నీళ్ళకి దాంతో పని లేదు, అవి దాని కిందే పుడతాయి. నేల మీద చుక్క పడకుండా ఆపేది కింది రబ్బరు ఒక్కటే. పై సీలు కారినా ఆ నీళ్ళు అదే బోలులోకి దిగి చీలికల్లోంచి ట్రాప్‌లోకి (కప్లింగ్ కింద ఉండే వంపు గొట్టంలోకి) పోతాయి.

ఓవర్‌ఫ్లో లేని టేబుల్‌టాప్ బౌల్ అయితే లెక్క మారుతుంది. దానికి చీలికలు లేని ఫుల్ థ్రెడ్ కప్లింగ్, అక్కడ పై సీలే ప్రాణం. ఈ రెండూ తారుమారు చేస్తే ఏ మందూ పనిచెయ్యదు. బౌల్‌కి హాఫ్ థ్రెడ్ వేస్తే నీళ్ళు చీలికల్లోంచి బయటికొస్తాయి. ఓవర్‌ఫ్లో బేసిన్‌కి ఫుల్ థ్రెడ్ వేస్తే బోలులో నీళ్ళు నిలిచి కంపు కొడుతుంది.

పెందుర్తి పానా:
పుస్తకంలో బానే ఉంటాది. బేసిన్ అడుగు ఎప్పుడైనా వేలితో తడిమి చూశారేటి? పైన అద్దంలా ఉంటాది గానీ కింద గ్లేజు ఉండదు, గరుకు, ఎత్తుపల్లాలు. కన్నం కూడా నిండు గుండ్రం కాదు. చౌక బేసిన్లలో రబ్బరు ఒక పక్క ఆనుతాది, ఇంకో పక్క గాలాడతాది. ఆ సందు పూడ్చడానికే వైట్ సిమెంట్. ఊరికే వాడతారా?

చెక్‌నట్:
సందు ఉందన్నది నిజం. దాన్ని రాయిలాంటి దానితో పూడ్చడమే తప్పు. గీజర్ నీళ్ళు తగిలినప్పుడల్లా ఇత్తడి సాగుతుంది, సిరామిక్ అంత సాగదు. మధ్యలో సిమెంట్ వెంట్రుకవాసి చీలినా చాలు, నీళ్ళు దారి వెతుక్కుంటాయి. అదే సందులో కొంచెం సిలికాన్ రాసి రబ్బరు ఆనిస్తే సాగుతుంది, మళ్ళీ విప్పుకోవచ్చు. ఎం-సీల్ (కలిపి పెడితే రాయిలా గట్టిపడే ముద్ద) పెట్టేవాళ్ళున్నారు, అది ఇంకా ఘోరం. తర్వాత ఊడదియ్యాలంటే సుత్తి పడాల్సిందే, సుత్తి పడితే బేసిన్ పోయినట్టే.

పెందుర్తి పానా:
ఎం-సీల్ సంగతి ఒప్పుకుంటాను.

గోపాలపట్నం వాసి:
వీడియోల్లో పుట్టీ ఉండ చేసి అంచు కింద పెడుతున్నారు. అదేమిటి?

లాసన్స్‌బే గాలి:
అది నూనెతో చేసిన ప్లంబరు పుట్టీ. మన షాపుల్లో పుట్టీ అంటే గోడలకి రాసేది చేతిలో పెడతారు, జాగ్రత్త. ప్లంబరు పుట్టీ దొరికినా మార్బుల్ మీద నూనె మరక వదులుతుంది.

చెక్‌నట్:
ఇక కింది పక్క. పై నుంచి వరస ఇలా ఉండాలి: బేసిన్ అడుగు, రబ్బరు వాషరు, పల్చటి ప్లాస్టిక్ వాషరు, దాని కింద చెక్‌నట్. ఆ ప్లాస్టిక్‌ది చాలామంది పారేస్తారు. అది లేకపోతే నట్ తిరిగేటప్పుడు రబ్బరు కూడా మెలిపడి ముడుచుకుంటుంది.

నీళ్ళకి రెండో దొంగ దారి మర, అంటే కప్లింగ్ మీది థ్రెడ్. నీళ్ళు మర గాడుల వెంట నట్ లోపల్నుంచి దిగుతాయి, చూసేవాళ్ళకి నట్ కారుతున్నట్టు ఉంటుంది. రబ్బరు కూర్చునే చోట మర మీద టెఫ్లాన్ టేపు అయిదారు చుట్లు, కింద నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టాలి. నట్ చేత్తో బిగిసినంతా బిగించి, పానాతో పావు నుంచి అర చుట్టు, అంతే. కప్లింగ్ తిరగకుండా పైన జాలీలో ప్లయర్ పిడులు దూర్చి ఎవరైనా పట్టుకోవాలి. రబ్బరు పక్కకి ఉబికి బయటికొస్తోందంటే ఎక్కువైనట్టే, సిరామిక్ టప్పున పగులుతుంది.

ఇంకొకటి చూసుకోండి. చీలికల అడుగు కొస బేసిన్ మందంలోనే ఆగాలి. అది రబ్బరు కంటే కిందికి కనిపిస్తే ఏ దేవుడూ ఆపలేడు, ఆ కప్లింగ్ మీ బేసిన్‌ది కాదు.

పెందుర్తి పానా:
సైజు కూడా చెప్పండి. స్కేలు పెడితే మర బయటి కొలత 42 ఎంఎం వస్తాది, షాపులో 42 అంటే వింతగా చూస్తారు. అడగాల్సింది 32 ఎంఎం, అంటే ఇంచుంపావు. పాతది చేతిలో పట్టుకెళ్ళడం మేలు.

పాత చెక్‌నట్ రాకపోతే బలం చూపించకండి. హ్యాక్‌సా బ్లేడుతో నట్‌ని నిలువుగా ఒకచోట కోసి, గాడిలో స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే విచ్చుకుంటాది. బ్లేడు సిరామిక్‌కి తగలకుండా మధ్యలో పాత ప్లాస్టిక్ ముక్క పెట్టాలి. పాత సిలికాన్ పొర గీకకుండా కొత్తది పెడితే అతుక్కోదు, స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి.

లాసన్స్‌బే గాలి:
బీచ్ వైపు ఇళ్ళకి ఇంకో మాట. ఉప్పుగాలికి చౌక మిశ్రమ లోహం మీద వేసిన క్రోమ్ పూత ముందు పొక్కులు లేస్తుంది, తర్వాత రాలుతుంది. ఇత్తడిదే కొనండి, చేతిలో బరువే చెప్పేస్తుంది. 304 స్టీలైనా సముద్రపు గాలికి టీ రంగు మచ్చలు పడుతుంది. తుడిస్తే పోయేవే గానీ చూడ్డానికి బాగోదు.

గోపాలపట్నం వాసి:
కారలేదని తేల్చుకోవడం ఎలా?

చెక్‌నట్:
ముందు ఓవర్‌ఫ్లో. మూత పెట్టి, నీళ్ళు ఓవర్‌ఫ్లో కన్నంలోకి పోయేదాకా నింపి, పది నిమిషాలు ఉంచి, ఒక్కసారి వదలండి. నట్ కింద, ట్రాప్ నట్ కింద విడివిడిగా టిష్యూ పేపరు చుట్టి చూడండి. ఏది తడిస్తే అది. నీళ్ళలో బట్టల నీలిమందు రెండు చుక్కలు వేస్తే చెమటకీ లీకుకీ తేడా తెలుస్తుంది. మన విశాఖ ఉక్కపోతకి చల్లటి పైపుకి చెమట పట్టడం మామూలే, దాన్ని చూసి మళ్ళీ విప్పకండి. పసుపు మాత్రం వెయ్యొద్దు, తెల్ల సిలికాన్ మీద అంటుకుంటే వదలదు.

పెందుర్తి పానా:
అంతా బావుంది. సిలికాన్ పెట్టి 24 గంటలంటున్నారు. ఇంట్లో ఒక్కటే బేసిన్ ఉన్నవాడు రేపొద్దున్న పళ్ళు ఎక్కడ తోముకుంటాడు?

చెక్‌నట్:
ఆయన బేసిన్‌కి పైన సిలికాన్ అక్కర్లేదని మొదట్నుంచీ అంటున్నదే అది. పైన డబ్బాలో వచ్చిన రబ్బరు, కింద రబ్బరు, మర మీద టేపు. బిగించిన పూటే వాడుకోవచ్చు. అడుగు మరీ గరుకుగా ఉంటేనే కింద సిలికాన్, అప్పుడు ఒక రాత్రి ఆగాలి.

లాసన్స్‌బే గాలి:
మూత పెట్టి షేవింగ్‌కి నీళ్ళు నిలుపుకునేవాళ్ళకి పై సీలు కావాలి. వట్టి రబ్బరైతే అరగంటలో బేసిన్ ఖాళీ. అంతవరకు నా మాట మీద నేనున్నాను.

గోపాలపట్నం వాసి:
మూత ఎప్పుడూ పెట్టం. డబ్బా మీద ఫుల్ థ్రెడ్ అని ఉంది. సాయంత్రం షాపుకెళ్ళి మార్చుకొస్తాను.