ఆర్డరు చేతికొస్తే గెలుపా, మొరవ పోతే గెలుపా?

చంద్రగిరి దోవ (చర్చ మొదలు)

జూన్ 5న, పర్యావరణ దినోత్సవం నాడు, తిరుపతిలో ఏడాది గెలుపుల సభ పెట్టాలని చుట్టుపక్కల మండలాల బృందాలు అనుకుంటున్నాయి. వచ్చిన జాబితాలో సగానికి పైగా చెరువులే. హద్దురాళ్లు పడినవి, ఆక్రమణ నోటీసులు వెళ్లినవి, పూడిక తీసినవి. ఆ తర్వాత మొక్కలు, మట్టి వినాయకులు, గుడ్డ సంచులు. ఆక్రమణ తీసేయమని ఆర్డరు వచ్చిందంటే గెలిచినట్టే, పదిమందిలో చెప్పుకోవాలని కొందరి మాట. నీళ్లు నిలిచి మొరవ (నిండిన చెరువులో మిగులు నీళ్లు పొర్లిపోయే గోడ) మీద పారాక మాట్లాడండని ఇంకొందరు. కరపత్రంలో దేన్ని గెలుపు కింద రాయాలి? ఊరికే శుభాకాంక్షలు పెట్టి పోకుండా కారణం చెప్పండి.

లెవెల్ పైపు

హద్దురాయి పడిందని రాసుకునే ముందు అది ఏ గీత మీద పడిందో చూడండి. సర్వేయరు పాతేది చెరువు పోరంబోకు హద్దు మీద. నీళ్లు నిలిచే హద్దు వేరు. మొరవ మట్టానికి నీళ్లు చేరినప్పుడు అంచు ఎక్కడెక్కడ నేలను తాకుతుందో అదీ ఎఫ్‌టీఎల్. ఎగువ ముంపులో పట్టా భూములు కూడా ఆ గీత లోపల ఉంటాయి. పోరంబోకు చుట్టూ రాళ్లు పాతి ఫోటో దిగాక, ఆ పట్టా ముంపులో మట్టి తోలి ప్లాట్లు వేస్తే రాళ్లన్నీ ఉన్నచోటే ఉంటాయి, చెరువే చిన్నదైపోతుంది.

రెండోది మొరవ. రాళ్ల జోలికి పోకుండా చెరువును కుదించే ఉపాయం ఇక్కడుంది. మొరవ గోడ పైవరస ఒక్క అడుగు రాలగొడితే చాలు. 40 ఎకరాల మేర నీళ్లు పరుచుకునే చెరువులో అడుగు నీళ్లంటే సుమారు 49 వేల ఘనపు మీటర్లు. 12 వేల లీటర్ల ట్యాంకర్లతో తోలితే నాలుగు వేల ట్రిప్పులు దాటుతాయి (నీళ్లు దిగేకొద్దీ పరపు తగ్గుతుంది కాబట్టి కొంత తీసేసుకోండి). ఆ అడుగు పోయిందని వానలు పడేదాకా తెలీదు. పడ్డాక కూడా తెలీదు, ఎందుకంటే మొరవ ముందే పారుతుంది, చెరువు నిండిందనుకుని ఊరంతా సంతోషపడుతుంది.

కట్టమీద కాకి

అట్ల చెప్పన్నా. జాబితా నేనూ చూసినా. దాంట్లో 'ఫిర్యాదు ఇచ్చాం' అనేది కూడా గెలుపే అంట! రసీదు తీసుకున్నందుకు సన్మానమా? దానికో ఫ్లెక్సీ, శాలువాలు, లోపల ప్లాస్టిక్ పూత ఉండే పేపరు కప్పుల్లో టీ. పర్యావరణ సభ అయిపోయినాక ఆ చెత్త ఎత్తేదానికి ఇంకో బృందం కావాల.

ఎఫ్‌ఎంబీ

ఫిర్యాదు గెలుపు కాదు, ఒప్పుకుంటా. ఆర్డరును మాత్రం అంత తేలిగ్గా తీసెయ్యొద్దు సామీ. కుంటలు, చెరువుల భూమిని ఇళ్లస్థలాలకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2001లోనే హించ్‌లాల్ తివారీ కేసులో చెప్పింది. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించే పథకాలు తయారుచేయమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆ తీర్పులు ఉన్నా ఒక్కో చెరువుకు పేరు పెట్టి ఆర్డరు రావాలంటే ఎంత తిరగాలో తెలిసినవాళ్లకే తెలుసు.

ముందు పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు (పాత భూముల లెక్క) నకలు, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు హద్దుల కొలతలు) పటం, అడంగల్ మూడూ కావాలి. రీసర్వే అయిన ఊళ్లల్లో పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం (భూమి ముక్క పటం) నంబరు వచ్చింది. అర్జీలో పాత నంబరు ఒక్కటే రాస్తే 'రికార్డులో లేదు' అని తిప్పి పంపుతారు, కొత్తది ఒక్కటే రాస్తే పాత విస్తీర్ణంతో పోల్చడానికి ఆధారం ఉండదు. రెండూ రాయాలి, పాత విస్తీర్ణం ఎకరాలు సెంట్లలో పక్కనే వేయాలి. నకళ్లు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు 30 రోజులు, రాకపోతే మొదటి అప్పీలుకు ఇంకో 30 రోజులు.

ఇక్కడే చాలామంది దెబ్బ తినేది. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద చెన్నై బెంచికి పోవాలంటే, వివాదానికి కారణం మొదట పుట్టిన రోజు నుంచి ఆరు నెలలే గడువు. తగిన కారణం చూపిస్తే మరో 60 రోజులు. చెరువును మళ్లీ పూర్వస్థితికి తెమ్మని అడిగే 15వ సెక్షన్‌కు అయిదేళ్లు ఉంది. 'కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం, హామీ వచ్చింది' అని కూర్చున్నవాళ్లకు ఆ ఆరు నెలలు అర్జీ రసీదులు పోగుచేసుకోవడంతోనే అయిపోతాయి.

నేను సభ కావాలనేది ఎందుకంటే, ఆర్డరు కాపీని ఊరి మధ్య గట్టిగా చదివితే సర్వే నంబరు, విస్తీర్ణం అందరికీ నోటికొస్తాయి. రేపు ఆ నంబరులో ప్లాటు కొనడానికి వచ్చినవాడికి టీకొట్టు దగ్గరే సంగతి తెలిసిపోతుంది.

కట్టమీద కాకి

ఊరి మధ్య చదవాలంటే ఊర్లో చదవండి. తిరుపతిలో ఏసీ హాల్లో చదివితే ఎవరు వింటారు?

కానుగ కొమ్మ

చెరువు తప్ప ఇంకేం లేనట్టు మాట్లాడుతున్నారు. మొక్కల లెక్క కూడా తేల్చండి. మన దగ్గర జూన్ 5న నాటడమే పొరపాటు, నేల ఇంకా కాగుతుంటుంది. ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతు గుంత అప్పుడు తవ్వి వదిలేయాలి. వానలకు గుంత నాని చల్లబడ్డాక ఆగస్టు చివరా సెప్టెంబరులో నాటితే వేరు పట్టే వేళకు ఈశాన్య వానలు అందుతాయి. నాటేటప్పుడు కవరు పూర్తిగా చించి తీసేయాలి. అడుగున కోసి అలాగే పెడితే వేరు అందులోనే చుట్టుకుని మూడో ఏడు గాలికి పడిపోతుంది. నాటిన సంఖ్య ఎంతైనా రాసుకోండి, గెలుపు వరుసలో మాత్రం రెండో వేసవి దాటి చిగురేసినవే ఉండాలి. కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు లెక్కలోకే వద్దు. కానుగ, వేప, నేరేడు, రావి ఉండగా దానితో పనేముంది?

మట్టి వినాయకుల సంగతి ఒక్క ముక్క. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మార్గదర్శకాల్లోనే ఉంది. పంచిన బొమ్మల లెక్క వదిలేసి, నిమజ్జనం మర్నాడు నీళ్లలోంచి ఎత్తిన కరగని బొమ్మల్ని లెక్కపెట్టండి.

లెవెల్ పైపు

పూడిక గురించి ఎవరూ అడగలేదు, నేనే చెబుతా. తీసింది పూడికా, గ్రావెలా? ట్రాక్టర్లు పొలాలకు వెళ్లాయంటే పూడిక. లేఅవుట్లకు వెళ్లాయంటే పేరుకే పూడిక. అర మీటరు లోతున ఒక హెక్టారు తీస్తే 5 వేల ఘనపు మీటర్లు, ట్రాలీకి మూడు చొప్పున 1,600కు పైగా ట్రిప్పులు. జాబితాలో ట్రిప్పుల లెక్క, తవ్విన విస్తీర్ణం రెండూ ఉంటే అబద్ధం అక్కడికక్కడే తేలుతుంది. తూము గడప కంటే లోతు తవ్విన చోట నిలిచే నీళ్లు ఆయకట్టుకు పారవు, బోర్లకు ఊరతాయి. అదీ మేలే, కానీ 'ఆయకట్టు పెరిగింది' అని రాయకండి. కట్ట పాదం దగ్గర తవ్వి ఉంటే అది గెలుపు కాదు, ప్రమాదం. 2021 నవంబరు వానల్లో రాయలచెరువు కట్ట ఊటెత్తితే కింది ఊళ్లు ఖాళీ చేయించాల్సి వచ్చిన సంగతి ఈ జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు.

వంకలు కూడా చూడండి. చెరువు బాగుండి, పైనుంచి వచ్చే వంక మీద రోడ్డు కింద 900 మిల్లీమీటర్ల పైపు తీసి 600ది వేశారనుకోండి. చూడటానికి మూడింట ఒక వంతే తగ్గినట్టు ఉంటుంది, నిండుగా పారేటప్పుడు వచ్చే నీళ్లు మాత్రం మూడో వంతుకు పడిపోతాయి.

నా వరకు సభ పెట్టాల్సింది మొరవ పోయిన రోజున, కట్ట మీద. ఎలాగూ ఆ రోజు గంగమ్మకు పసుపు కుంకుమ పెట్టి పూజ చేస్తారు. ఎఫ్‌టీఎల్ గీత గీయడానికి అంతకంటే మంచి రోజు లేదు, నీటి అంచే గీత. ఒక్క జాగ్రత్త. మొరవ మీద అరడుగు మందాన పారుతుంటే నీటి అంచు వెంట గుర్తు కట్టెలు పాతొద్దు. ముంపు వాలు 200 అడుగులకు ఒక అడుగు ఉన్న చోట ఆ అరడుగుకే అంచు 100 అడుగులు పైకి జరుగుతుంది, పట్టాదారు ఆ తప్పు పట్టుకుని మొత్తం కొలతనే కొట్టేయిస్తాడు. ధార సన్నబడి గోడ తడిసేంత మాత్రమే ఉన్నప్పుడు పాతండి. అంతకు ముందు మొరవ మీద ఇసుక మూటలు లేవని చూసుకోండి, ఉంటే మట్టం ఎక్కువ చూపిస్తుంది.

ఎఫ్‌ఎంబీ

మొరవ పోకపోతే? వరసగా మూడేళ్లు వానలు మొహం చాటేసిన రోజులు ఈ జిల్లాకు కొత్త కాదు. మూడేళ్లు సభ లేకపోతే ఆర్డరు ఎవరి బీరువాలో ఉందో కూడా మరిచిపోతారు. నిండిన చెరువును ఆక్రమించడం కష్టం. ఆక్రమించేది ఎండిన ఏడే. కాగితం చదవాల్సిన అవసరం ఆ ఏడే ఎక్కువ.

లెవెల్ పైపు

ఇది మంచి మాట, నేను ఆలోచించలేదు. అయితే ఎండిన ఏడు చేయాల్సిన పని వేరే ఉంది. మొరవ మట్టాన్ని తూము స్తంభం మీదికి ఎక్కించి రంగుతో గీత వేయండి. 30 మీటర్ల లెవెల్ పైపు, ఒక బేల్దారి (తాపీమేస్త్రీ) చాలు. పైపులో నీళ్లు నిదానంగా ఎక్కించాలి, మధ్యలో గాలి బుడగ ఉంటే రెండు కొసలూ ఒకే మట్టం చూపించవు. దూరం ఎక్కువైతే 30 మీటర్లకొక మేకు కొట్టుకుంటూ పోయి, తిరిగి మొదటి మేకుకే రావాలి. తేడా 2 సెంటీమీటర్లు దాటితే మళ్లీ మొదటినుంచి. ఆ గీత ఉంటే మొరవ పైవరస ఎవరైనా రాలగొట్టినా అసలు మట్టం ఎంతో స్తంభమే చెబుతుంది. చెరువు సర్కారుది కాబట్టి నీటిపారుదల ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) ముందే రాసిచ్చి, ఆయన ఎదుటే వేయించండి. లేకపోతే రేపు ఆ గీతకు విలువుండదు.

చంద్రగిరి దోవ

సరే, కరపత్రం మారుస్తున్నా. ఫిర్యాదులన్నీ తీసేశా. చెరువులకు రెండు వరుసలు: ఆర్డరు వచ్చినవి ఒకటి, తూము స్తంభం మీద గీత పడినవి ఇంకోటి. ఆర్డరు వరుసలో తేదీ, పాత కొత్త నంబర్లు ఉంటాయి. నీళ్లు నిలిచినవి అనే వరుస ఈశాన్య వానలు పోయేదాకా ఖాళీగానే అచ్చు వేస్తాం. మొక్కలు రెండో వేసవి లెక్కతోనే. సభ హాల్లో లేదు, ఆర్డరు వచ్చిన ఊళ్లో కట్ట మీద. జూన్ 5నే ఉంచాలన్నది మాత్రం ఎక్కువమంది మాట, దాన్ని మార్చలేకపోయా.

కట్టమీద కాకి

జూన్ ఎండలో కట్ట మీదనా? పొద్దున ఏడుకే పెట్టండి, ఏడున్నరకు ముగించండి. ఫ్లెక్సీ బదులు గుడ్డ మీద రాయించండి, టీకి స్టీలు గ్లాసులు. గుడ్డ సంచుల వరుస సంగతి ఎవరూ తేల్చలేదు. 120 మైక్రాన్లకు తక్కువ మందం ప్లాస్టిక్ సంచులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం కదా, మార్కెట్లో ఒకసారి వేళ్లతో నలిపి చూసొచ్చి ఆ వరుస ఉంచాలో తీసేయాలో చెప్పండి.