ఆంధ్ర, ఒడిశా హద్దు కొండల్లో రెండు రాష్ట్రాలూ మావే అంటున్న కొటియా 21 ఊళ్లు ఎవరివి? (చర్చ)

సాలూరుఘాటు: ఇందులో తగువేముంది? ఆ ఊళ్లు సాలూరు జమీవి. 2021 ఫిబ్రవరిలో గంజాయిభద్ర, పట్టుచెన్నూరు, పగులుచెన్నూరుల్లో మన పంచాయతీ ఎన్నికలు జరిగాయి. ఒడిశా కోర్టుధిక్కారం కేసు వేసినా మనవాళ్లు తగ్గలేదు. మన బ్యాలెట్‌లో ఓటేసిన ఊరు మనది కాక ఎవరిది?

రికార్డురూము: ఆ జనమే ఒడిశాలోని పొట్టంగి నియోజకవర్గంలోనూ ఓటేస్తారు. ఓటుతో హద్దు తేలదండీ. తేలితే గిలితే 1936 ఉత్తర్వు దగ్గరే తేలాలి. ఆ ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లా నుంచి వెళ్లినవి జయపురం ఎస్టేటు, ఆ ఎస్టేటులో లేని మిగతా పొట్టంగి తాలూకా. రెండోది చూడండి. జమీ ఎవరిదైనా సరే, ఆ రోజు పొట్టంగి తాలూకాలో ఉన్న ఊరు ఒడిశాకి పోయినట్టే. కాబట్టి అడగాల్సింది జమీ గురించి కాదు, తాలూకా గురించి.

చాయ్‌పకోడి: 21 అంటారు, 28 అంటారు. ఏది నిజం?

రికార్డురూము: ఒడిశా లెక్కలో కొటియా పంచాయతీకి 28 ఊళ్లు. తగువున్నవి 21.

సాలూరుఘాటు: తాలూకా, తాలూకా అంటున్నారు. సాలూరు విశాఖ జిల్లాలో ఉండేది, 1950లో శ్రీకాకుళానికి వచ్చింది, 1979లో విజయనగరానికి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాకి. ఇన్ని మారినా ఆ కొండలు మన లెక్కలోనే ఉన్నాయి. గెడ్డల్లో నీళ్లు ఎటు దిగుతున్నాయో చూస్తే చాలు.

రికార్డురూము: నీటివాలు లెక్కయితే నాగావళి పుట్టిన కలహండి కూడా మనదే అనాలి! 1936 ఉత్తర్వులో ఈ ముక్కకి తాలూకా పేరే ఉంది, గెడ్డ పేరు లేదు.

సాలూరుఘాటు: సరే, తాలూకా కాగితం చూపించండి మరి.

రికార్డురూము: అది గట్టిగా ఉంటే ఇన్నేళ్లు ఎందుకు నడుస్తుంది? 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకి వెళ్లింది, ఉన్నది ఉన్నట్టు ఉంచమన్నారు. 2006లో కేసు కొట్టేశారు. ఊళ్లు ఎవరివో మాత్రం తేలలేదు. చిక్కంతా కొలతలో ఉంది. మన వైపు మద్రాసు పద్ధతి: ప్రతి సర్వే నంబరుకీ ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం), అందులో జి-లైన్ (కొలతకి ఆధారమైన గీత), దాని మీంచి గట్టు వంపులకి ఆఫ్‌సెట్లు (లంబంగా కొలిచే దూరాలు). గొలుసు 66 అడుగులు, 100 లింకులు. అటు మైలుకి 16 అంగుళాల గ్రామపటం. ఆ పటం మీద మిల్లీమీటరు జరిగితే నేల మీద దాదాపు 4 మీటర్లు. పైగా కొండ వాలు వెంట గొలుసు పరిస్తే దూరం పెరుగుతుంది. 30 డిగ్రీల వాలులో 100 లింకులంటే అడ్డంగా 87 కూడా ఉండవు. అందుకే గొలుసు మట్టంగా పట్టి, గుండు వేలాడదీసి, మెట్లుమెట్లుగా దిగాలి. తగువున్న ఊళ్లలో అసలు పొలాల సర్వేయే పూర్తి కాలేదు, దేన్ని దేనితో సరిచూస్తారు?

చాయ్‌పకోడి: ఇదంతా కొండల్లో ఖనిజాల కోసం అనుకుంటా.

సాలూరుఘాటు: రికార్డురూము గారు ఒడిశా వకాల్తా పుచ్చుకున్నట్టున్నారు. మన మండలం డబ్బు పోసి పథకాలిస్తుంటే, అటు రేషను కార్డు, ఇటు రేషను కార్డు పెట్టుకుని రెండు చోట్లా బియ్యం తీసుకునేవాళ్లని ఏమనాలి? దొంగతనం కాదా అది?

పోడుగెడ్డ: ఇప్పుడు బయటపడింది అసలు సంగతి. మీకు కావాల్సింది కొటియా కాదు, ఆ రెండో కార్డు రద్దు. మీరిద్దరూ హద్దు తేలాలంటారు. నేను తేలకూడదంటాను, కనీసం పోడు పట్టాలు వచ్చేదాకా. 2006 అటవీ హక్కుల చట్టంలో 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉండాలి, కుటుంబానికి 4 హెక్టార్లు మించకూడదు. గ్రామసభ తీర్మానం, ఆపైన సబ్ డివిజన్ కమిటీ, ఆఖరికి జిల్లా కమిటీ. ఏ జిల్లా? కోరాపుటా, మన్యమా? గీత గీసిన రోజున ఓడిన రాష్ట్రం ఇచ్చిన కాగితాలు చెల్లుతాయని ఎవరు పూచీ?

రికార్డురూము: హద్దు లేకపోతే జిల్లా కమిటీ సంతకానికే విలువ ఉండదు కదా. పట్టాకి ముందు హద్దు.

పోడుగెడ్డ: మీ వరస తిరగబడింది. ముందు పట్టా. హద్దు మారితే గిరిజనుల భూమి చేతులు మారకుండా కాపాడే చట్టమూ మారుతుంది, ఇక్కడ 1/70, అక్కడ 2/1956. షెడ్యూల్డు తెగల జాబితా కూడా రాష్ట్రాన్ని బట్టే. ముఖదొరలకి ఒడిశా జాబితాలో చోటు దొరికింది 2024లో, మన దగ్గర ఎప్పట్నించో ఉంది. మీ గీత ఒక ఇంటి పిల్లాడి రిజర్వేషన్‌ మీంచి పోవచ్చు.

సాలూరుఘాటు: అంటే రెండు కార్డులూ అలాగే ఉంచమంటారా?

పోడుగెడ్డ: ఉంచమంటాను. 2021 నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో కూర్చుని ప్రధాన కార్యదర్శుల కమిటీ అన్నారు. రాష్ట్రాల గీత మార్చాలంటే 3వ అధికరణం కింద పార్లమెంటు చట్టం చేయాలి. అదంతా అయ్యేలోగా గ్రామసభలు పని మొదలుపెట్టొచ్చు. అటవీ హక్కు క్లెయిముకి ఒకటికి మించి ఆధారాలు అడుగుతారు. దరఖాస్తుదారు కాని పెద్దల రాతపూర్వక వాంగ్మూలం ఒకటి, పాత గట్టో నుయ్యో శ్మశానమో ఇంకొకటి. వాంగ్మూలం ఇచ్చే పెద్దలు తగ్గిపోతున్నారు, హద్దురాళ్లు ఎక్కడికీ పోవు.

రికార్డురూము: ఆ ఆధారాలు ఏ సబ్ డివిజన్ కమిటీకి పంపుతారో ఇంకా చెప్పలేదు మీరు.

పోడుగెడ్డ: రెండింటికీ. కార్డుల్లాగే.