జపాన్ టీచరు పరిచయం పంపింది, బదులు ఏం రాయాలి?

కావలి_ఇంగ్లీషు_టీచరు:

అందరికీ నమస్తే. కావలి దగ్గర సముద్రం ఒడ్డు పాళెంలో హైస్కూలు టీచర్ని. మా బడికీ జపాన్‌లో మియాగి వైపు ఒక బడికీ ఆన్‌లైన్లో స్నేహం కుదిరింది, వచ్చే నెల్లో పిల్లలు మాట్లాడుకుంటారు, దానికి ముందు రెండు వైపులా టీచర్లు తమ గురించి ఒక పేజీ రాసి పంపుకోవాలి. నేను మామూలుగా ఎం.ఏ., బి.ఎడ్., పదిహేనేళ్ళ సర్వీసు, ఉత్తమ ఉపాధ్యాయ అవార్డు, పదో తరగతి రిజల్టు అని టైపు చేసి పెట్టుకున్నా. ఇంతలో ఆమెది వచ్చింది. అందులో డిగ్రీ ఊసే లేదు! వాళ్ళ ఊళ్ళో సముద్రంలో ఆయిస్టర్లు పెంచుతారంట, సాయంత్రాలు పిల్లల బాడ్మింటన్ చూసుకుంటుందంట, ఇంట్లో పిల్లి ఉందంట, బ్లడ్ గ్రూపు 'ఏ' అంట. చివర్లో "ఇంకా నేర్చుకోవాల్సింది చాలా ఉన్న టీచర్ని, నా ఇంగ్లీషు బాగుండదు, దయచేసి నన్ను బాగా చూసుకోండి" అని. ఇంగ్లీషు నాకంటే శుభ్రంగా ఉంది. బ్లడ్ గ్రూపు సంగతి విని మా స్టాఫ్ రూంలో ఒకాయన "రక్తదాన శిబిరమా మేడం" అని ఒకటే నవ్వు.

ఇప్పుడు నాది పంపితే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందా? ఇంకోటి, వాళ్ళది 2011లో సునామీ చూసిన తీరం. మాది 2004లో చూసింది. రాయనా, వద్దా?

ఒంగోలు_టు_కవాసాకి:

టీచర్, ఆరేళ్ళుగా ఇక్కడే, జపాన్‌లో ఉంటున్నా. అవార్డు తీసెయ్యండి, సర్వీసు ఉంచండి. ఆఫీసులో చేరిన రోజు నేనూ ఎం.టెక్. ర్యాంకుతోనే మొదలుపెట్టా, అందరూ మర్యాదగా తల ఊపారు, చివరికి ఒకాయన "సెలవు రోజున ఏం చేస్తావు" అని అడిగాడు. జికోషోకాయ్ అంటారు ఈ స్వపరిచయాన్ని, ఎదుటి మనిషికి మాట కలపడానికి ఒక కొస దొరకాలి, పిల్లి అందుకే. బ్లడ్ గ్రూపూ అంతే, మనం రాశీ నక్షత్రం అడిగినట్టు గ్రూపుని బట్టి గుణం చెప్పుకోవడం ఇక్కడ సరదా, 'ఏ' అంటే పద్ధతైన మనిషని. శాస్త్రం ఏమీ లేదు దాంట్లో.

ఆ చివరి మాట 'యొరొషికు ఒనెగాయ్‌షిమాసు'. ఇంగ్లీషులోకి తెస్తే అట్లా జాలిగా అయిపోతుంది గానీ ఇక్కడ కొత్తవాళ్ళు కలిసినా, పని మొదలుపెట్టినా అదే అంటారు. ఇంగ్లీషు బాగుండదు అనడం కూడా మర్యాదే. మనం పది రకాలు వండి "ఏదో ఉన్నంతలో చేశాం, సర్దుకోండి" అనమా?

ఆమెని ఇంటిపేరు పెట్టి 'సెన్సేయ్' (టీచరు గారు) అనండి, మీ పేరుకి మాత్రం మీరే తగిలించుకోవద్దు. ఇంటిపేరు ముందు రావడం వాళ్ళకీ మన లాగానే. ఒక వాక్యం జపనీసులో రాయండి: 'వతాషి వా కావలి ని సుండె ఇమాసు'. వతాషి వా అంటే నేను, ని అంటే లో, సుండె ఇమాసు అంటే ఉంటున్నాను. క్రియ చివరికి రావడంతో సహా తెలుగు వాక్యమే! 'ల' మాత్రం వాళ్ళ నోట్లో 'ర' అవుతుంది, కావరి అంటారు, ఏమనుకోకండి.

కందుకూరు_మాస్టారు:

రిటైరయిన హెడ్మాస్టర్ని. అమ్మా, అవార్డు తీసెయ్యమన్న అబ్బాయితో నాకు పేచీ ఉంది. కష్టపడి తెచ్చుకున్నది ఎందుకు దాచాలి, చివర్లో ఒక్క ముక్క రాయి.

సునామీ విషయంలో తొందర పడొద్దు. మనకి 2004 డిసెంబరు 26 ఆదివారం, బడి లేదు. వాళ్ళకి 2011 మార్చి 11 శుక్రవారం, మధ్యాహ్నం 2.46కి భూమి కదిలింది, పిల్లలు బళ్ళలో ఉన్న వేళ. ఒక టీచరుకి అది ఎలాంటి జ్ఞాపకమో మనకి తెలీదు. ఆమెని ఏమీ అడగొద్దు. నీది నువ్వు రెండు వాక్యాల్లో రాసుకో, ఆమె మాట్లాడితే మాట్లాడుతుంది. సునామీ అన్న మాట కూడా వాళ్ళదే గదా, త్సు అంటే రేవు, నామి అంటే అల. అంతకు ముందు మనకి తెలిసింది తుఫానుతో వచ్చే ఉప్పెనే.

చీమకుర్తి_లెక్కల_టీచర్:

మేమూ ఇట్లాంటిది చేశాం కాబట్టి పనికొచ్చేది చెప్తా. వాళ్ళు మనకంటే మూడున్నర గంటలు ముందు. మనకి పది అంటే వాళ్ళకి ఒకటిన్నర, భోజనాలు అయిపోయి ఉంటాయి, అదే మంచి టైం. పదింటికి అంటే 9.50కే లైన్లో ఉండండి, కరెంటు పోతుందనుకుని ఫోను డేటా పక్కన పెట్టుకోండి. మా పిల్లల్ని కట్టిపడేసింది ఏందంటే, అక్కడ తెల్ల ఆప్రాన్, టోపీ పెట్టుకుని పిల్లలే అన్నం వడ్డిస్తారు, తరగతులు పిల్లలే ఊడుస్తారు. మన దగ్గర పిల్లల చేతికి చీపురిస్తే మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది, అది మాత్రం వాళ్ళకి చెప్పలా.

ఒంగోలు_టు_కవాసాకి:

మాస్టారూ, మీరన్నట్టే ఒక్క ముక్క, సరే. టీచర్, ఇంకోటి మర్చిపోయా, బియ్యం గురించి రాయండి. మియాగిలో పుట్టిన ఒక వరి రకం పేరు హితోమెబొరె, తొలిచూపులోనే మనసు పడటం అని అర్థం. మనదేమో ఎన్.ఎల్.ఆర్. 34449. నెల్లూరు మసూరి అని రాయండి, నెంబరు వద్దు.

కావలి_ఇంగ్లీషు_టీచరు:

రాత్రి కూర్చుని మళ్ళీ రాశా. ఇంటిపేరుతో మొదలుపెట్టా. శ్రీహరికోటలో రాకెట్ పోతుంటే పిల్లలందరం మిద్దెక్కి చూస్తామని, చేపల పులుసు పొద్దున వండి మర్నాడు తింటామని, బ్లడ్ గ్రూపు 'బి' అని (మా ఆయన ఇది కూడా రాస్తారా అన్నాడు). అవార్డు చివరి వాక్యం, మాస్టారి మాట మీద. సునామీ గురించి ఇంతే: "2004లో నేను ఇంటర్. ఆ పొద్దున నీళ్ళు మా నాయన వలలు తీసుకుపోయాయి, మమ్మల్ని వదిలేశాయి. నా క్లాసులో ఎవరూ అప్పటికి పుట్టలేదు, మేం చెప్తే వింటారు."

పొద్దున్నే ఆమె జవాబు వచ్చింది. 'బి' వాళ్ళతో తనకి బాగా కుదురుతుందంట. కింద ఒక లైను: "మా పిల్లలు కూడా వినే తెలుసుకున్నారు. ఆ రోజు వలల గురించి చెప్తారా?"