రక్తం కోసం పెట్టిన అమ్మ ఫోటోని వార్తలో వాడేశారు, తీసేయించేదెలా?

పోయిన ఆదివారం రాత్రి 9 గంటలకు, ఆసుపత్రిలో ఉన్న అమ్మ ఫోటో పెట్టి బి నెగటివ్ రక్తం కావాలని ఫేస్‌బుక్‌లో రాశాను. దాతలకు చేరాలి కాబట్టి పబ్లిక్‌గానే పెట్టాను, రక్తం దొరకగానే మర్నాడు తీసేశాను. మంగళవారం ఒక వార్తా వెబ్‌సైట్ అదే ఫోటో, అమ్మ పేరు, వార్డు నంబరుతో సహా కథనం వేసింది, నన్ను ఒక్క మాట అడగలేదు. అందరికీ కనిపించేలా పెడితే ఎవరైనా వాడుకోవచ్చనా? అమ్మ మంచం మీద ఉన్న ఫోటో అది!

ఎడిటర్‌కి రెండు మెయిళ్లు పెట్టాను, జవాబు లేదు. ఫేస్‌బుక్‌లో వాళ్ల షేర్‌ని రిపోర్ట్ చేస్తే నిబంధనలకు విరుద్ధం కాదన్నారు. పత్రికలపై ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్‌ పరిధి పత్రికలు, వార్తా ఏజెన్సీల వరకే, ఇదేమో వెబ్‌సైట్. ఫోటో నా ఫోన్‌తో నేనే తీశాను కాబట్టి దాని కాపీరైట్ నాదే, కానీ 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52లో వార్తలకు మినహాయింపు ఉంది.

ఇలా వెబ్‌సైట్ నుంచి ఫోటో తీసేయించుకున్నవాళ్లు ఎవరికి, ఏమని రాస్తే పనయింది?