చాట ముందు కూర్చున్న గంటలను ఏ పరికరంతో కొలవాలి?

ప్రశ్న (ప్రజారోగ్య పరిశోధక విద్యార్థిని, నిజామాబాద్)

మా జిల్లాలో బీడీలు చుట్టే మహిళలు రోజుకు ఎన్ని గంటలు కూర్చునే గడుపుతున్నారో కొలవడం నా పీహెచ్‌డీ పని. కదలికను నమోదు చేసే యాక్టిగ్రాఫ్ పరికరాన్ని బెల్టుతో నడుముకు కట్టి, వారం రోజులు ఉంచుకోమని ఇస్తున్నాను. కదలికను అది ‘కౌంట్లు’ అనే అంకెల్లో చూపుతుంది; నిమిషానికి 100 కౌంట్ల కంటే తక్కువ వస్తే కూర్చున్నట్టు లెక్క. అందరూ వాడే పద్ధతే.

మొదటి వారం లెక్కలు చూశాక నాకు మనసు మనసులో లేదు. ఒక అక్క ఇంట్లో రోజంతా ఉండి, ఆమె చేసిన ప్రతి పనినీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఉదయం గంటకు పైగా గట్టు దగ్గర నిలబడి రొట్టెలు చేసింది. అందులో చాలాభాగం కూర్చున్నట్టు నమోదైంది. మధ్యాహ్నం చాట ఒడిలో పెట్టుకుని గంటన్నర సేపు తలెత్తకుండా బీడీలు చుట్టింది. ఆ సమయాన్ని సాఫ్ట్‌వేర్ ‘పరికరం ధరించలేదు’ అని కొట్టివేసింది. ఆమె ధరించే ఉంది, నేను ఎదురుగానే ఉన్నాను! వెయ్యి బీడీలు పూర్తి చేయాలని నడుము నొప్పిని ఓర్చుకుని కూర్చున్న గంటలే నా లెక్కలో లేకుండా పోయాయి.

పోనీ మణికట్టుకు కడదామంటే, ఆకు మడిచి దారం చుట్టే చేయి క్షణం ఆగదు. కూర్చున్న మనిషి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. ఏం చేయమంటారు?

జవాబు 1 (గణాంక నిపుణుడు, హైదరాబాద్)

మీ పరికరం చెడిపోలేదమ్మా. నడుము దగ్గరి పరికరం కదలికను కొలుస్తుంది, భంగిమను కాదు. కదలకుండా నిలబడినా, కూర్చున్నా దానికి ఒకటే. పరిశోధకులు 2017లో ఖరారు చేసిన నిర్వచనంలో రెండూ ఉండాలి: మెలకువగా ఉన్నప్పుడు శక్తి వ్యయం 1.5 మెట్‌లకు (విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చు చేసే శక్తి ఒక మెట్) మించకూడదు, మనిషి కూర్చునో, ఒరిగో, పడుకునో ఉండాలి.

మధ్యాహ్నం గంటలు పోవడానికి కారణం వేరు. వరుసగా 60 నిమిషాలు సున్నా కౌంట్లు వస్తే పరికరాన్ని తీసివేసినట్టు భావించే నియమం మీరు వాడి ఉంటారు. 90 నిమిషాల నియమంతో మళ్లీ లెక్కించండి. అప్పటికీ మిగిలిన ఖాళీలను మీ నోటుపుస్తకంతో సరిచూడండి. ఆ పుస్తకాన్ని మాత్రం పోగొట్టుకోకండి.

జవాబు 2 (ఫిజియోథెరపిస్టు, విశాఖపట్నం)

తొడకు అతికించే పరికరం వాడండి మేడమ్. గ్లాస్గోలో తయారయ్యే యాక్టివ్‌పాల్ అలాంటిదే. తొడ వాలును బట్టి కూర్చున్నారా, నిలబడ్డారా అని చెబుతుంది. పలుచని తొడుగులో పెట్టి, నీరు చొరని ప్లాస్టర్‌తో తొడ ముందు భాగాన అతికిస్తే స్నానానికీ తీయనవసరం లేదు. చీర కింద బయటికి కనిపించదు. అతికించేది మాత్రం మహిళా కార్యకర్తే కావాలి. ఎండాకాలంలో ప్లాస్టర్ కింద దురద వస్తుంది. అందుకని మధ్యలో ఒకసారి రెండో తొడకు మార్చండి.

ఒక చిక్కు ఉంది. గిన్నెలు తోమేటప్పుడు గొంతుకూర్చుంటే దాన్ని కూడా ఇది కూర్చోవడంగానే లెక్కించవచ్చు. కానీ బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుకూర్చోవడం కండరాలకు ఒకటి కాదు. టాంజానియాలోని హద్జా ప్రజలపై 2020లో వచ్చిన అధ్యయనం చూడండి. వాళ్లు కూడా రోజుకు దాదాపు పది గంటలు విశ్రాంతి భంగిమల్లోనే గడుపుతారు. అయితే గొంతుకూర్చున్నప్పుడు వాళ్ల కాలి కండరాలు, కుర్చీలో కూర్చున్నప్పటి కంటే ఎక్కువగా పనిచేస్తున్నట్టు తేలింది. మన ఇళ్లలో ఆ తేడాను వదిలేస్తే అన్యాయమే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. 90 నిమిషాల నియమంతో మళ్లీ లెక్కించాను సార్, ఆ గంటన్నరలో చాలాభాగం తిరిగి వచ్చింది. నిలబడిన గంట మాత్రం అలాగే ఉంది.

తొడ పరికరాలు రెండు అడిగి తెచ్చుకుంటున్నాను. ముందుగా కొద్దిమందికి నడుముకూ తొడకూ ఒకేసారి పెట్టి, పక్కనే ఉండి చూస్తాను. గొంతుకూర్చున్న సమయానికి నోటుపుస్తకంలో వేరే గడి గీశాను. వాళ్లు గడియారం చూసి చెప్పరు కాబట్టి, పిల్లలు బడికి వెళ్లే వేళ, కార్ఖానాకు బీడీలు అప్పజెప్పే వేళ అని అడుగుతున్నాను.

ఆ అక్కను మళ్లీ ఒక వారం పెట్టుకుంటావా అని అడిగాను. “ఈసారన్నా నేను కూర్చున్నట్టు రాస్తుందా?” అంది. సోమవారం వెళుతున్నాను.