పాత కారుకి కంపెనీ బ్లూటూత్ పెట్టించి కోడింగ్ చేయించాలా, ఆక్స్‌లో పెట్టే రిసీవర్ చాలా?

పాలకొల్లు_320 రాశారు:
అందరికీ నమస్కారమండి. నాది 2009 మోడల్ బీఎండబ్ల్యూ 320డి, ఈ90 బాడీ. హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇంజను బ్రహ్మాండంగా ఉంది. నడిమధ్యలో స్క్రీను, తిప్పే ఐడ్రైవ్ బటను, స్టీరింగ్ మీద ఫోన్ గుర్తు ఉన్న మీట, అన్నీ ఉన్నాయి. బ్లూటూత్ మాత్రం లేదు. ఆ మీట నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు.

నేను చేసేది రొయ్యల కొనుగోలు. పట్టుబడి (చెరువులో వల లాగి రొయ్యలు పట్టడం) ఉన్న రోజు తెల్లవారుజాము నుంచి ఫోన్లే ఫోన్లు. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంత వచ్చింది, ఐస్ బండి ఎక్కడుంది, కంపెనీ రేటు ఎంత చెప్పింది, ఇదే గోల. ఇటు భీమవరం, అటు చించినాడ వంతెన దాటి రాజోలు, అమలాపురం. కాలవ గట్టు రోడ్డు మీద ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో స్టీరింగు పట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

రాజమండ్రిలో కోడింగ్ చేసే కుర్రాడు ఒకడు కంపెనీ ఒరిజినల్ బ్లూటూత్ మాడ్యూల్ ఉంది, బిగించి కోడింగ్ చేస్తానంటున్నాడు. మా బావేమో ఆక్స్‌లో (బయటి నుంచి పాటల వైరు గుచ్చే సాకెట్టు) చిన్న బ్లూటూత్ రిసీవర్ పెట్టుకో, ఎందుకొచ్చిన ఖర్చు అంటున్నాడు. మీరైతే ఏం చేస్తారు?

వైర్_రావులపాలెం రాశారు:
కంపెనీదే పెట్టించండి. మీ బావగారితో నాకు తగాదా లేదు గానీ, ఆక్స్ రిసీవర్ పాటలకి పనికొస్తుంది, మాటలకి కాదు. ఈ90లో ఆక్స్ సాకెట్టు సీట్ల మధ్య ఉంటుంది. రిసీవర్ అక్కడ పెడితే దాని మైకు మీ మోచేతి దగ్గరుంటుంది. అవతలివాడికి మీ మాట కంటే టైర్ల చప్పుడు ఎక్కువ వినపడుతుంది. కంపెనీ మైకు పైన రూఫ్ లైటు దగ్గర, నోటికి ఎదురుగా ఉంటుంది. ఫోన్ వస్తే రేడియో దానంతటదే తగ్గుతుంది, పేరు స్క్రీన్ మీద పడుతుంది, ఆ పలకని మీట పలుకుతుంది.

పని ఏమిటో కూడా చెప్తాను, లేకపోతే కోడింగ్ అనగానే ఏదో మంత్రం అనుకుంటారు. ఆ ఏడాది కార్లకి ఫోన్ మాడ్యూల్ డిక్కీలో ఎడమ పక్క లైనింగ్ వెనక ఉంటుంది. దానికి కరెంటు, ఎర్తు, బ్లూటూత్ యాంటెన్నా, పైనుంచి మైకు వైర్లు, ఇవి మామూలే. అసలు కథ మోస్ట్ అనే ఆప్టికల్ ఫైబర్‌ది. రేడియో, యాంప్లిఫయరు, ఫోను లాంటివి రాగి వైరుతో కాకుండా ఫైబర్‌తో ఒక రింగులా ఒకదాని వెంట ఒకటి కలిసి ఉంటాయి. కనెక్టరు ఊడదీస్తే ఎర్రటి వెలుగు కనిపిస్తుంది. ఆ రింగులో మీ మాడ్యూల్ కూడా చేరాలి.

బిగించాక కోడింగ్. కే ప్లస్ డీక్యాన్ కేబులు, లాప్‌టాప్, ఎన్‌సీఎస్ ఎక్స్‌పర్ట్ సాఫ్ట్‌వేర్ కావాలి. ప్రతి బీఎండబ్ల్యూలో ఆ కారుకి ఏయే ఆప్షన్లు ఉన్నాయో రాసి ఉన్న జాబితా ఒకటుంటుంది, దాన్ని వెహికల్ ఆర్డర్ అంటారు. అందులో 644 అని చేర్చాలి. బ్లూటూత్ ఫోన్ ప్రిపరేషన్ ఆప్షన్ నంబర్ అది. ఈ90లో ఆ జాబితా సీఏఎస్, ఎఫ్ఆర్ఎం అనే రెండు మాడ్యూళ్ళలో ఉంటుంది. రెండింటిలోనూ రాసి, తర్వాత హెడ్ యూనిట్‌నీ (స్క్రీను, రేడియో నడిపే డాష్‌బోర్డు పెట్టె) ఫోన్ మాడ్యూల్‌నీ కొత్త జాబితా ప్రకారం కోడింగ్ చేయాలి. కొందరు జాబితా జోలికి పోకుండా హెడ్ యూనిట్ ఒక్కదాన్నే మార్చి డబ్బులు తీసుకుంటారు. ఎప్పుడైనా వర్క్‌షాపులో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే కారు పాత జాబితా చూసుకుని మీ బ్లూటూత్‌ని తుడిచేస్తుంది. కాబట్టి కుర్రాణ్ణి అడగాల్సిన మొదటి ప్రశ్న, వెహికల్ ఆర్డర్‌లో 644 రాస్తావా లేదా అని.

అత్తిలి_రోడ్డు రాశారు:
వైర్ గారు చెప్పిందంతా నిజమే, చెప్పనిది కూడా కొంచెం ఉంది. ఆ మాడ్యూల్ కాల్స్‌కి మాత్రమే. బ్లూటూత్‌లో మాటలకి హెచ్‌ఎఫ్‌పీ, పాటలకి ఏ2డీపీ అని వేరు వేరు ప్రొఫైళ్ళు. 2009 నాటి ఫోన్ మాడ్యూల్‌కి రెండోది లేదు. పాటలు కూడా బ్లూటూత్‌లో రావాలంటే 2010 నుంచి వచ్చిన కాంబాక్స్ అనే కొత్త మాడ్యూల్ కావాలి, దానికి సీఐసీ అనే తర్వాతి తరం హెడ్ యూనిట్ ఉండాలి. మీది దాని ముందు తరం సీసీసీ అయితే ఆ దారి మూసుకున్నట్టే. ఇంత ఖర్చు పెట్టాక కూడా పాటలకి మళ్ళీ ఆ ఆక్స్ వైరే!

మాట నాణ్యత కూడా చూడండి. వైడ్‌బ్యాండ్ వాయిస్ అంటే గొంతు స్పష్టంగా వినపడే పద్ధతి హెచ్‌ఎఫ్‌పీలోకి 1.6 వెర్షన్‌తో వచ్చింది, అది 2011 సంగతి. అంతకు ముందు తయారైన మాడ్యూల్‌లో పాత ల్యాండ్‌లైన్ గొంతే వస్తుంది. ఇవాళ దొరికే మామూలు రిసీవర్లలో కూడా ఇంతకంటే కొత్త చిప్ ఉంటుంది.

ఇంకొకటి. మీ ఫోన్‌లో పేర్లు తెలుగులో సేవ్ చేసుకుంటారా? మా మావయ్య గారి పాత కారులో కంపెనీ బ్లూటూత్ ఉంది. ఆ కాలం హెడ్ యూనిట్‌లో తెలుగు ఫాంట్ లేదు. స్క్రీన్ మీద వరసగా డబ్బాలు పడతాయి. ఎవరు ఫోన్ చేశారో తెలియక ఫోన్ తీసి చూస్తారు. ఇక హ్యాండ్స్‌ఫ్రీ ఏముంది అందులో.

వైర్_రావులపాలెం రాశారు:
పేర్లు ఇంగ్లీషులో పెట్టుకుంటే సరిపోతుంది కదండీ. దానికోసం మాడ్యూల్ వద్దంటారా?

కాల్స్‌కి మాత్రమే అన్నది ఒప్పుకుంటాను. కానీ పాలకొల్లు గారు అడిగిందే కాల్స్. గొంతు సన్నగా వచ్చినా మైకు సరైన చోట ఉంటే మాట తెలుస్తుంది, మైకు తప్పు చోట ఉంటే ఎంత కొత్త చిప్ అయినా ఏం చేస్తుంది?

మార్టేరు_బ్యాటరీ రాశారు:
మీరిద్దరూ మాటల నాణ్యత దగ్గరే ఆగిపోయారు. కోడింగ్‌లో అసలు ప్రమాదం ఇంకోటి ఉంది, పాలకొల్లు గారు తప్పకుండా చదవాలి.

పైన ఎఫ్ఆర్ఎం అని ఒక మాట వచ్చింది కదా. అది ఫుట్‌వెల్ మాడ్యూల్, ముందు సీటు దగ్గర కాళ్ళు పెట్టుకునే చోట పక్కన ఉంటుంది. లైట్లు, కిటికీ అద్దాలు దాని చేతిలో ఉంటాయి. సుమారు 2008 తర్వాత కార్లలో వచ్చిన మూడో తరం ఎఫ్ఆర్ఎంకి బ్యాటరీ వోల్టేజీ పడిపోతే మెమరీ చెడిపోయే జబ్బు ఉందని ఈ కార్లు బాగుచేసేవాళ్ళందరికీ తెలుసు. బలహీనమైన బ్యాటరీతో, ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి, ఫ్యాను తిరుగుతుండగా అరగంట లాప్‌టాప్‌తో ఆడుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. మా ఫ్రెండ్ కారు ఒక షెడ్డులో ఇలాగే పోయింది. హెడ్‌లైట్లు ఆరవు, అద్దాలు దిగవు. ఆ మెమరీని బెంచి మీద పెట్టి మళ్ళీ రాయించేదాకా కారు అలాగే నిలబడింది. పోయింది బ్లూటూత్ కోసం.

కోడింగ్ వద్దని చెప్పడం లేదు. బ్యాటరీకి నిలకడగా 13 వోల్టుల పైన ఇచ్చే పవర్ సప్లై ఆ కుర్రాడి దగ్గర ఉందో లేదో చూడండి. బ్యాటరీని నెమ్మదిగా చార్జ్ చేసే మామూలు ట్రికిల్ చార్జరు చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి. మొదలుపెట్టే ముందు పాత జాబితాని ఫైలుగా దాచి మీకొక కాపీ ఇమ్మనండి. ఇవ్వడానికి నసిగేవాడికి కారు అప్పజెప్పకండి.

ఇంకో మాట, మైకు వైరు పైకి తీసుకెళ్ళేది ముందు పిల్లర్ లోపలి నుంచి. అక్కడ కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. వైరు దానికి అడ్డంగా పోకూడదు. టేపు చుట్టి దోపేస్తే, గుద్దుకున్న రోజున బ్యాగు సరిగ్గా తెరుచుకోదు.

యానాం_వంతెన రాశారు:
ఇన్ని చెప్పుకున్నారు, నడుపుతూ ఫోన్ మాట్లాడకుండా ఉండటం అనే ఆప్షన్ ఒక్కరూ చెప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఫోన్ వాడుతూ నడిపేవాళ్ళకి ప్రమాదం జరిగే అవకాశం సుమారు 4 రెట్లు ఎక్కువ, హ్యాండ్స్‌ఫ్రీ అయినా పెద్ద తేడా లేదని కూడా వాళ్ళే చెప్తారు. చెయ్యి ఖాళీ అయినా బుర్ర రొయ్యల రేటు మీదే ఉంటుంది కదండీ. మన కాలవ రోడ్లకి చాలాచోట్ల పిట్టగోడ కూడా లేదు.

పాలకొల్లు_320 రాశారు:
మీ మాట కాదనలేను. కానీ వల లాగాక ఒక ఫోన్ ఎత్తకపోతే ఐస్ కరిగిపోయి సరుకు మెత్తబడుతుంది, ఆ నష్టం రైతుకీ నాకూ. పొడుగు మాటలు బండి ఆపి మాట్లాడతాను, “వస్తున్నా, పది నిమిషాలు” అనే ఫోన్లకే నాకు ఇది కావాలి.

చట్టం సంగతి కూడా చూశాను. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ఫోన్ చేత్తో పట్టుకుని నడపడం ప్రమాదకర డ్రైవింగ్ కిందికి వస్తుంది. మొదటిసారికే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. 2020 అక్టోబరు నుంచి రూల్స్‌లో చేతి ఫోను దారి చూసుకోవడానికి మాత్రమే అని రాశారు.

గోదారి_ఆండ్రాయిడ్ రాశారు:
ఇదంతా ఎందుకు, ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టేయండి. మ్యాప్, పాట, ఫోన్ అన్నీ ఒకేచోట.

అత్తిలి_రోడ్డు రాశారు:
ఈ కారుకి వచ్చే చాలా ఆండ్రాయిడ్ స్క్రీన్లు లోపల పాత హెడ్ యూనిట్‌ని అలాగే ఉంచి, శబ్దాన్ని ఆక్స్ గుండానే పంపుతాయి. అంటే మా బావగారి మాటే, పైన పెద్ద స్క్రీను. (పాలకొల్లు గారి బావ అప్పుడే నాకూ బావ అయిపోయాడు, ఏమనుకోకండి.)

ఆకివీడు_వరి రాశారు:
ఇందాకటి నుంచి చదువుతున్నాను. పట్నంవాళ్ళు రాసేవాటిలో మన దగ్గరి సమస్య ఉండదు, అదేమిటంటే ఎలకలు. కోత అయ్యాక చేలో తిండి లేక ఇళ్ళలోకీ కార్లలోకీ దూరతాయి. రాగి వైరు కొరికితే ఆ ఒక్క పరికరం పోతుంది, తెచ్చి అతుకు వేసుకుంటాం. వైర్ గారు చెప్పిన రింగులో ఫైబరు ఎక్కడ తెగినా రింగు మొత్తం ఆగుతుంది. రేడియో మూగబోతుంది, సీటుబెల్టు గంట కూడా స్పీకర్లలో నుంచే కదా, అదీ వినపడదు. ఫైబరుకి టంకం వేసి అతకలేం, వంకర తిరిగేలా మడిచినా వెలుగు ఆగుతుంది. రాత్రి పదింటికి రాజోలులో ఇది తెగితే ఎవరు చూస్తారు?

దానికి తోడు సముద్రం గాలి. అంతర్వేది వైపు తిరిగే బండి కనెక్టర్లు పచ్చగా చిలుము పట్టడం మనం చూస్తూనే ఉంటాం. డిక్కీ రబ్బరు లీకయితే ఆ ఎడమ పక్క మాడ్యూలే ముందు తడుస్తుంది. కాబట్టి కంపెనీదా బయటిదా అన్నది కాదు ప్రశ్న, పోయిన రోజున ఎవరు బాగుచేస్తారన్నదే నేను చూస్తాను. రిసీవర్ పోతే పీకి ఇంకోటి పెడతాం.

వైర్_రావులపాలెం రాశారు:
ఎలకకి భయపడి కారులో వైరే వేయకూడదంటే ఎద్దుల బండే గతి. పైగా ఫైబర్ తెగితే కనుక్కోవడం తేలిక. ఫైబర్ తెగిన మాడ్యూల్‌ని పక్కన పెట్టి రెండు ఫైబర్లనీ కలిపే చిన్న లూప్ కనెక్టర్ వస్తుంది, అది జేబులో ఉంటే రేడియో తిరిగి పలుకుతుంది. అయితే ఒకటి ఒప్పుకుంటాను, ఫైబర్ ఇప్పటికే డిక్కీ దాకా వచ్చి ఉంటేనే ఈ పని సులువు. లాజిక్ 7 మ్యూజిక్ సిస్టం ఉన్న కార్లకి వెనక యాంప్లిఫయర్ కోసం వచ్చి ఉంటుంది. మామూలు స్పీకర్ల కారయితే డాష్‌బోర్డు నుంచి డిక్కీ దాకా కొత్తగా లాగాలి, కార్పెట్, సైడ్ ప్లాస్టిక్కులు అన్నీ ఊడదీయాలి. చాసిస్ నంబర్ చివరి ఏడు అక్షరాలతో ఆప్షన్ల జాబితా నెట్‌లో దొరుకుతుంది. అందులో 677 ఉందేమో చూడండి, అది లాజిక్ 7. 676 ఉంటే మామూలు హైఫై, దాని యాంప్లిఫయర్‌కి ఫైబర్ ఉండదు.

మోడరేటర్:
కోడింగ్ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ లింకులు ఇక్కడ పెట్టొద్దు. రెండు పోస్టులు తీసేశాం. చర్చ కొనసాగించండి.

పాలకొల్లు_320 రాశారు:
జాబితా చూశాను, 676. డిక్కీ లైనింగ్ కూడా తీసి చూశాను. ప్లగ్గు వేలాడుతోంది గానీ ఫైబర్ లేదు. రాజమండ్రి కుర్రాణ్ణి పవర్ సప్లై సంగతి అడిగితే “బ్యాటరీ బాగానే ఉంది కదండీ” అన్నాడు. మార్టేరు గారు చెప్పాక ఇక నాకు టెన్షన్. ప్రస్తుతానికి ఆక్స్ రిసీవరే, కానీ విడిగా మైకు వైరు ఉన్నది తీసుకుని ఆ మైకు ఒక్కటీ రూఫ్ లైటు దగ్గరికి పంపిస్తాను. ఎయిర్‌బ్యాగ్ జోలికి పోకుండా.

వైర్_రావులపాలెం రాశారు:
మైకు పైకి వెళ్తే సగం కేసు నేనే గెలిచినట్టు.

అత్తిలి_రోడ్డు రాశారు:
ఆక్స్ రిసీవర్ కొన్నారు కాబట్టి మిగతా సగం నాది. ఆ మీట సంగతి ఎవరికీ దక్కలేదు.

కొవ్వూరు_325 రాశారు:
నాది 2008 325ఐ, జాబితాలో 677 ఉంది, వెనక ఫైబర్ ఉంది. పాలకొల్లు గారూ, రాజమండ్రిలో ఆ మాడ్యూల్ మీరు తీసుకోకపోతే దాని పార్ట్ నంబర్ ఇక్కడ పెట్టగలరా? మార్టేరు గారూ, మీ దగ్గర చూపించదగ్గ పవర్ సప్లై ఉంటే ఆ రోజు మీరు కూడా రావాలి, కాఫీ టిఫిను నావి.